ఏటిపాల, గంగరావి, తిల్ల

విల్లో చెట్టును కన్నులార చూచినవారు మన గోదావరి మండలములలో మిక్కిలి అరుదు. అయినను ఆ చెట్టు కర్రను ఎరుగని ఇల్లు లేదు. మంచి క్రికెట్టు బ్యాటు విల్లో కర్రతోనే తయారగును. రేడియోలో ఆంగ్ల వ్యాఖ్యానము వినువారికి, బ్యాటు అనవలసిన చోట విల్లో అనుట అలవాటైన మాటయే. దానికి జోడు పాప్లరు. కాశ్మీరమునకు పోయి వచ్చినవారు బాట కిరువైపుల నిటారుగ నిలిచిన పాప్లరు వరుసలను తప్పక తలచుకొందురు. పంజాబు, హర్యానా, ఉత్తరప్రదేశపు పడమటి జిల్లాలలో రైతులు గోధుమచేల గట్లమీద దీనిని పెంచి, ప్లైవుడ్డు కర్మాగారములకును అగ్గిపెట్టెల కర్మాగారములకును అమ్ముదురు. రెండును చలిదేశపు చెట్లు, ఒకే కుటుంబములోనివి.

ఈ కుటుంబమును పోల్చుకొనుటకు వృక్షశాస్త్రజ్ఞులు చెప్పు గుర్తులు నాలుగైదు కంటె ఎక్కువ లేవు. మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు. పూవులకు రేకులుండవు, అవి సన్నని కంకులుగ, పిల్లితోకవలె వ్రేలాడుచుండును. కాయ పగిలినప్పుడు దూదితో కూడిన నలుసంత గింజలు గాలిలో ఎగిరిపోవును. ఇక విల్లోకు పాప్లరుకు భేదమేమన, విల్లో ఆకు బల్లెపు మొనవలె సన్ననిది. పాప్లరు ఆకు వెడల్పైనది, మన రావియాకును తలపించునది. పాప్లరు జాతులలో కొన్నిటికి ఆకుకాడ ప్రక్కలనుండి నొక్కినట్లు పలుచగ నుండుటచే చిరుగాలికే ఆకులు గలగలలాడును. ఆకులన్నియు రాలిన చలికాలములోనైన పోల్చుకొనవచ్చును: విల్లో మొగ్గను ఒకే యొక పొలుసు టోపివలె కప్పియుండును, పాప్లరు మొగ్గమీద పొలుసులు ఒకదానిపై నొకటిగ పెక్కులుండును.

ఈ చలిదేశపు చెట్ల ప్రస్తావన గోదావరి శ్రోతలకు ఎందుకని అడుగవచ్చును. కారణమున్నది. అసలైన విల్లో ఒకటి మన తెలుగునాట ఏటి యొడ్డులనే పెరుగుచున్నది. పాప్లరు పేరును మోయుచున్న చెట్టొకటి మన కాలువ గట్టులమీదనే నీడనిచ్చుచున్నది. ఈ రెంటికిని దూరపు చుట్టమైన మూడవ చెట్టు సముద్రపు మొగలో కాచుకొని యున్నది. మొదటి రెండిటిని పోల్చుకొనలేకపోయినచో నష్టము లేదు. మూడవదానిని పోల్చుకొనలేనివారికి కన్నులకే ముప్పు.

మొదట ఏటిపాల. దీనిని లోకమునకు పరిచయము చేసినవాడు మన సామర్లకోటలో కాపురమున్న వైద్యుడే యని చాలమందికి తెలియదు. విలియం రాక్స్‌బర్గు అను స్కాట్లండు దేశస్థుడు ఈస్టిండియా కంపెనీ వైద్యుడుగ మద్రాసునకు వచ్చి, 1780 తరువాతి సంవత్సరములలో సామర్లకోటలో నివసించి, అక్కడ తోట వేసి, మిరియము మొదలైన వానిని సాగుచేయ యత్నించెను. చుట్టుపట్ల అడవులలో, ఏటి లంకలలో తిరిగి మొక్కలను సేకరించెను. దేశీయ చిత్రకారులను నియమించి ఒక్కొక్క మొక్కకు రంగుల బొమ్మ వ్రాయించెను. 1793లో కలకత్తా తోటకు అధిపతిగ వెడలిపోయిన పిమ్మట, ఆ బొమ్మలలో మూడువందలు ‘కోరమాండల్ తీరపు మొక్కలు’ అను పేర 1795 మొదలు 1820 వరకు మూడు సంపుటములుగ లండనులో అచ్చుపడెను. ఆ గ్రంథములో మన విల్లోయును ఉన్నది. నాలుగు గింజలది యను అర్థము వచ్చునట్లు ‘సేలిక్స్ టెట్రాస్పెర్మా’ అని ఆయన దానికి పేరు పెట్టెను. నేటికిని ప్రపంచమంతట ఆ పేరే చెల్లుచున్నది.

ఏటిపాలను వెదకువారు డెల్టాలో కాక, పైకి, వాగులు ఏరులు గల అడవి ప్రాంతములకు పోవలెను. నీరు తడిపి పోవు ఒడ్డు దాని స్థానము. మధ్యరకపు చెట్టు; బెరడు పగుళ్లు వారి గరుకుగ నుండును. ఆకు సన్నము, పొడవు, అంచున సూక్ష్మమైన రంపపు పండ్లు. పైవైపు ఆకుపచ్చ, క్రిందివైపు బూడిద పూసినట్లు తెలుపు. గాలి వీచి ఆకులు తిరుగబడినప్పుడు చెట్టంతయు ఒక్కసారి తెల్లబడినట్లగును. పేరులో పాల యున్నదని ఆకు త్రుంచి పాలకై చూచువారుందురు. తెలుగువారు పాల అను మాటను పెక్కు చెట్లకు తగిలించినారు. విల్లో జాతికి మాత్రము పాలు లేవు. చలికాలమున కంకులు వేయును. ఒక గుర్తు మరువరానిది: తడిమట్టిలో గుచ్చిన కొమ్మ వేరు తన్నును. ప్రపంచమున విల్లోలలో చాలవానికి ఈ గుణమే యున్నది. అందుచేతనే దేశదేశముల ఏటిగట్లు కోసుకొనిపోకుండ ఈ జాతిని నాటుచున్నారు.

రాజమహేంద్రవరము దిగువన ధవళేశ్వరము ఆనకట్టవద్దకు వచ్చునప్పటికి చెట్ల తీరు మారును. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852లో ముగించిన ఆ కట్టడమునుండి కాలువలు చీలినవి. కాలువలకు గట్లు లేచినవి. గట్లమీద చెట్లు వచ్చినవి. ఆ చెట్లలో గంగరావి యొకటి. డెల్టాలో పుట్టినవారెవరును గంగరావిని ఎరుగమనరు. కాని పట్టణమునుండి వచ్చిన బంధువునకు చూపి ఇదేమి చెట్టని అడుగుడు, రావి యనును. లిన్నేయసు పండితుడు 1753లో దీనికి పేరు పెట్టునప్పుడు రావిని తలపలేదు. ఆయన పుట్టిన స్వీడనులో పాప్లరు పరిచితమైన చెట్టు. గంగరావి యాకు ఆయన కంటికి పాప్లరు ఆకువలె తోచెను. పాప్లరువంటిది యను అర్థమున ‘పాపుల్నియా’ అని వ్రాసెను. ఒకే ఆకును చూచి ఆయనకు తన ఊరి చెట్టును, మన పెద్దలకు రావిచెట్టును స్ఫురించినవి. రావియాకు కదలికయు పాప్లరును పోలినదే; కాకున్న రావికి ఆకుకాడ సన్నమై పొడవుగ నుండుటచే ఆకు ఊగును, నొక్కబడుటచే కాదు.

రావికిని గంగరావికిని భేదము తెలిసికొనుటకు చెట్టెక్క పనిలేదు. రావియాకు చివర సన్నని తోక వ్రేలవలె సాగియుండును. వాన నీరు ఆ తోకవెంట జారిపోవును. గంగరావియాకు హృదయాకారమే కాని, కొన చిన్నది, తోక లేదు. రావి కొమ్మను త్రుంచిన తెల్లని పాలు కారును. గంగరావికి తెల్లని పాలు లేవు, పచ్చికాయను కోసిన పసుపుపచ్చని జిగురు వెలువడును. రావికి పూవు పైకి కనబడదు. కాయవలె కనబడు గుండ్రని తిత్తిలోపలనే పూవులుండును. గంగరావి పూవు అరచేతిలో నిండుగ పట్టునంత పెద్దది. ఉదయము నిమ్మపండు వన్నె, నడుమ ముదురు ఎరుపు మచ్చ. సాయంకాలమునకు పూవంతయు ఎర్రబారి మరునాటికి ముడుచుకొనును. ఒకే కొమ్మమీద పసుపు పూవు, కెంపు పూవు రెండును ఉన్నవన్న అది గంగరావియే యని చెప్పవచ్చును. లేదా దాని దాయాది.

ఆ దాయాది సంగతి కొంచెము చెప్పవలెను, ఏలయన పుస్తకము చూచి చెట్లను నేర్చుకొన్నవారిని తికమక పెట్టునది అదే. గంగరావి ప్రత్తి, బెండ, గోగు మొదలైన వాని కుటుంబమునకు చెందినది. ఆ కుటుంబములోనే ఉప్పునేల సహించు మరొక చెట్టునకు ఇట్టి ఆకే, ఇట్టి పసుపు పూవే ఉండును. అదియును సాయంకాలమునకు ఎర్రబారును. ఆకును త్రిప్పి క్రిందివైపు వేలితో రుద్దిన తేలిపోవును. దాయాది ఆకు అడుగున తెల్లని నూగు మెత్తగ తగులును. గంగరావి యాకు ఇరువైపుల నున్నన. కాయ ఎండిన పిమ్మట దాయాదికి అయిదు పగుళ్లుగ విచ్చుకొనును. గంగరావి కాయ గట్టిపడి నల్లబడి చెట్టుననే యుండునుగాని పగులదు. ఆ కాయ నీటిమీద తేలి, ఉప్పునీటిలో చాలకాలము ప్రయాణము చేసియు మొలకెత్తును. అందువలననే హిందూమహాసముద్రపు తీరములందును పసిఫిక్ దీవులందును ఈ చెట్టు కలదు.

కర్ర విషయమున గంగరావి విల్లోనుగాని పాప్లరునుగాని తలదన్నును. లోపలి చేవ ఎరుపు కలిసిన ముదురు గోధుమవన్నె, గట్టిది, నీటిలో చెడదు. బండి చక్రములకు, పడవలకు, ఇంటి సామానులకు పూర్వము దీనిని ఎంచెడివారు. పిల్లలకు దీని ఆకుతోడి సంబంధము వేరు: ఆకును చుట్టి బూరగ ఊదని డెల్టా బాల్యము ఉండెడిది కాదు. కొమ్మను పాతిన నాటుకొనుట యను ఒక్క విషయమున మాత్రము ఇది విల్లోతోను పాప్లరుతోను సరిసమానము. దొడ్డి కంచెకు గుంజలుగ పాతిన గంగరావి కొమ్మలు రెండు వర్షములు కురియునప్పటికి చెట్ల వరుసయై నిలిచిన దొడ్లు మేము చూచితిమి.

ఇక సముద్రపు మొగ. గౌతమి తన చివరి ఆమడలలో పాయలుగ చీలి ఉప్పునీటితో కలియు తావున, యానాము మొదలుకొని కాకినాడ అఖాతము వరకు మడ అడవి పరచుకొనియున్నది. 1978లో ఇందు 235 చదరపు కిలోమీటర్లకు పైగ భాగమును కోరంగి అభయారణ్యముగ ప్రకటించిరి. 2022 ఏప్రిలులో జిల్లాలు విభజింపబడిన పిమ్మట ఇది కాకినాడ జిల్లాలోనిది. సుందరవనములకు పిమ్మట తూర్పు తీరమున చెప్పుకొనదగిన మడ అడవులలో ఇది యొకటి. బావురుపిల్లి, నీటికుక్క ఇందలి నివాసులు. అవి పగటివేళ కనబడుననుకొని పోవువారికి నిరాశయే మిగులును. కాని చెట్లు ఎక్కడికిని పోవు.

బయటివారు ఈ అడవినంతను మడ యందురు. పడవవారు అట్లనరు. వారికి నల్లమడ వేరు, తెల్లమడ వేరు, కలింగ వేరు, ఉప్పుపొన్న వేరు, గుగ్గిలము వేరు, తిల్ల వేరు. పేర్లు ఊరూరికి కొంత మారును గనుక, ఒక పల్లెలో నేర్చుకొన్న పేరును మరొక పల్లెలో గట్టిగ వాదింపకుండుట మేలు. గుర్తులు మాత్రము మారవు.

దూరమునుండి చూచిన విల్లోయే యని భ్రమ కలిగించునది కలింగ. మొగలలో, మంచినీరు కొంచెము కలియు చోట, తక్కినవానికంటె ఎత్తుగ పెరుగును. సన్నని కొమ్మలు క్రిందికి వ్రేలాడుచు నీటిని తాకబోవుచుండును. ఆకులును విల్లోకువలె సన్ననివే. బొమ్మలలో చూచు విల్లో రూపమే ఇక్కడ ఉప్పుటేటి మీద నిలిచినట్లుండును. కాని దగ్గరకు పోయిన రెండు సంగతులు ఆ భ్రమను తొలగించును. విల్లోకు ఆకులు ఒకటి తరువాత నొకటిగ కొమ్మకు ఇరువైపుల మారి మారి వచ్చును. కలింగకు రెండేసి యాకులు ఎదురెదురుగ పుట్టును. రెండవది, చెట్టు చుట్టును బురదలోనుండి మేకులవలె నిక్కిన ఊపిరివేళ్లు. కలింగ ఊపిరివేళ్లు లావు, పొడవు; కొన్ని చివర రెండుగ చీలియుండును. పూవునకు రేకులు లేవు. నడుమ కీలాగ్రము గొడుగు విప్పినట్లుండును. కాయ గుండ్రనిది, నాలుగు మొనల నక్షత్రపు పీటమీద కూర్చుండినట్లుండి, కొనను సన్నని తోక మిగిలియుండును. ఆ పీటను చూచిన పిమ్మట మరి యే చెట్టుతోను పొరబడజాలము.

మడ జాతి అంతటిలో ఎక్కువ. దీని ఊపిరివేళ్లు పెన్సిలు లావున, జానెడు లోపుగ, వేలకొలది బురదమీద నిలిచియుండును. ఆకులు ఎదురెదురుగ వచ్చును, అడుగువైపు వెలవెలబోయియుండును. ఎండవేళ ఆకుమీద ఉప్పు పొడి మెరయుచుండును; వేళ్లద్వారా లోనికి వచ్చిన ఉప్పును ఆకులు వెలికి నెట్టివేయుటయే దీనికి కారణము. నల్లమడ ఆకు వెడల్పు, కొన గుండ్రము. పూవులు తక్కిన మడలకంటె పెద్దవి. తెల్లమడ ఆకు కొన తేలినది. బెరడు పలుచని పొరలుగ ఊడి, క్రింద లేత పసుపు మచ్చలు బయటపడును. వీని కాయలు బాదముగింజను తలపించును. కాయ పొడుగై, కొన సాగి, పచ్చిమిరపకాయవలె నున్న మడ మూడవ రకము. కాయలున్న కాలమున వచ్చినవారికి ఈ మూడింటిని విడదీయుట పిల్లల ఆట. కాయలు లేని కాలమున పండితులకును కొంత ఆలోచన తప్పదు.

ఉప్పుపొన్నను వివరింపనక్కరలేదు. మాను మధ్యనుండి విల్లువలె వంగి బురదలో దిగిన ఊతవేళ్లమీద చెట్టంతయు లేచి నిలుచును; చెట్టుననే మొలకెత్తిన మొలక మునగకాయవలె వ్రేలాడును. గుగ్గిలము చిన్న గుబురు, కొమ్మువలె వంగిన కాయ, సువాసన గల తెల్లని పూవు. అక్కడక్కడ ముళ్ళ ఆకులతో నీలిపూవులు పూచు పొదలుండును. వానిని పోల్చుకొనుట కాళ్ల పని, కన్నుల పని కాదు.

ఇప్పుడు తిల్ల. శివభక్తులు ఈ పేరు వినియుందురు. చిదంబరమునకు తిల్లై యనునది పాతపేరు. అక్కడి స్థలవృక్షము ఈ చెట్టే. శాస్త్రజ్ఞులు దీని జాతికి ‘ఎక్సొకేరియా’ అని పేరు పెట్టినారు. గ్రుడ్డిచేయునది యని దాని అర్థము. పేరు పెట్టినవారు అతిశయోక్తి చేయలేదు. ఆకు త్రుంచినను, కొమ్మ విరిచినను, బెరడు గీచినను చిక్కని తెల్లని పాలు వెంటనే చిమ్మును. ఆ పాలు ఒంటికి తగిలిన బొబ్బలు లేచును. కంటిలో పడిన భరింపరాని మంటతో కొంతకాలము చూపు పోవును. ఎండిన కర్రను పొయ్యిలో పెట్టిన పొగ సయితము కన్నులను బాధించును.

ఇందలి చిక్కును శ్రోతలు గమనింపవలెను. మన పల్లెలలో చెట్టును పోల్చుకొనుటకు తరతరములుగ వచ్చిన పద్ధతి యేమి? ఆకు త్రుంచి పాలున్నవా యని చూచుట. రావి, మఱ్ఱి, మేడి, జువ్వి, జిల్లేడు అన్నిటిని అట్లే నేర్చుకొన్నాము. మొన్న కోరంగి చెక్కబాటమీద మాకు ముందు నడచుచున్న ఒక కుటుంబములోని పెద్దాయన, మనుమనికి చెట్ల పేర్లు చెప్పుచు, చేయిచాచి ఒక ఎర్రనాకును అందుకొనబోయెను. వెంట వచ్చిన పడవవాడు ‘బాబయ్యగారూ, దాన్ని ముట్టకండి, తిల్లండి’ అని కేక వేసెను. ఆయన మంచి ఉపాధ్యాయుడే. ఆయన పద్ధతియు మంచిదే. ఆ చెట్టు మాత్రమే వేరు. పాలు చూడకుండ, చేతితో తాకకుండ, కంటితోనే పోల్చుకొనవలసిన చెట్టు అది. మనుమడు అంతవరకు చెప్పిన పేర్లన్నిటిని మరచినను ఆ పేరును మరువడని తలంచుచున్నాము.

కంటితో చూడవలసినది ఇది. మొదట క్రిందకు, బురదవైపు చూడవలెను. మడకును కలింగకును నిక్కిన ఊపిరివేళ్లు కలవు. తిల్లకు అవి లేవు. దాని వేళ్లు నేలమీదనే పాములు మెలివేసికొన్నట్లు అల్లుకొనిపోవును. పిమ్మట కొమ్మను చూడవలెను. మడకు ఆకులు ఎదురెదురు. తిల్లకు ఒకటి తరువాత నొకటి. మడ ఆకు అడుగున తెలుపు. తిల్ల ఆకు రెండువైపుల పచ్చన, నిగనిగ. మూడవది, చెట్టుమీద అక్కడక్కడ ఇటుకవన్నెకు తిరిగిన ముదురు ఆకులు. రాలుటకు ముందు తిల్ల ఆకులు ఇట్లు ఎర్రబడును; అడవిలో మడ నడుమ ఎఱ్ఱని మచ్చలు కనబడిన తిల్ల యని అనుమానింపవలెను. నాలుగవది పూత. మగచెట్టుకు పసుపుపచ్చని కంకులు జానెడు లోపుగ వ్రేలాడును. ఆడచెట్టుకు మూడు గదుల చిన్నకాయలుండును. గుగ్గిలమునకును ఆకులు మారి మారియే వచ్చును గాని దాని ఆకు కొనను చిన్న నొక్కు, మీద ఉప్పు ఉండును. కాయ కొమ్మువలె వంగియుండును.

ఆ కంకులను చూచిన విల్లోను ఎరిగినవాడు ఇది మా చెట్టే యని భ్రమపడుటలో వింత లేదు. మగ ఆడ వేరు, వ్రేలాడు కంకి, రేకులు లేని పూవు, మారి మారి వచ్చు ఆకు. పోలిక పైపైనే కాదు. 1998 మొదలు వృక్షశాస్త్రజ్ఞులు జన్యు పరీక్షల ననుసరించి కుటుంబములను కొత్తగ కూర్చినప్పుడు, విల్లో కుటుంబము, తిల్లయు ఆముదమును గల కుటుంబము, ఉప్పుపొన్న కుటుంబము ఒకే పెద్ద గణమున చేరినవి. మన మెట్టల మీది కానరేగునైతే ఏకముగ విల్లో కుటుంబములోనికే మార్చినారు. కానరేగుపండ్లు ఏరుకొని తిన్నవారందరు తమకు తెలియకయే విల్లో బంధువుల ఇంట భోజనము చేసినవారు.

పడవలలో పోవువారిలో కొందరు, పుస్తకములలో చదివి, మడ ఆకును నాలుకకు తాకించి ఉప్పు చూడగోరుదురు. వేళ్లు, ఆకుల అమరిక, ఆకు అడుగు ఈ మూడును చూచి తిల్ల కాదని నిశ్చయించుకొనక పూర్వము ఆ పని చేయరాదు. అసలు అభయారణ్యములో ఆకు కోయుటయే తగదు. ఉప్పు పొడిని వేలితో తాకి చూచిన చాలును. పొరపాటున తిల్లపాలు తగిలినచో చేతితో కన్ను నలుపకూడదు. శుభ్రమైన మంచినీటితో పావుగంటయైనను ధారగ కడిగి, ఆలస్యము చేయక వైద్యునివద్దకు పోవలెను. అందుకై పడవలో ఒక బిందెడు మంచినీరు ఉంచుకొనుట అవసరము. చుట్టునున్న నీరంతయు ఉప్పునీరే కదా. ఇంటికి వంటచెరకు తెచ్చుకొనువారు కట్టెలలో తిల్ల కలిసినదేమో చూచుకొనవలెను.

ఇంత భయపెట్టు చెట్టు ఉండనేల యను ప్రశ్నకు కోరంగి చరిత్రయే జవాబు. ఒకప్పుడది ఓడలు కట్టు రేవు. ఇక్కడ ఓడనెక్కి బర్మా పోయిన తెలుగువారిని అక్కడివారు కోరంగీలనియే పిలిచిరి. 1789లో ఒక తుఫాను, 1839 నవంబరు 25న మరొకటి ఉప్పెనతో వచ్చి ఆ రేవును నేలమట్టము చేసినవి. మా తరమువారికి 1996 నవంబరు 6 రాత్రి చాలును. ఆ రాత్రి కోనసీమ కొబ్బరితోటలు కూలినవి; వేయిమందికి పైగ మరణించిరి. అల బలమును, గాలి బలమును దట్టమైన మడ కొంతవరకు తగ్గించునని తీరవాసులు చెప్పుటయే కాక శాస్త్రజ్ఞులును ఒప్పుకొన్నారు. ఆ దట్టములో తిల్లయు కలదు. పశువులు మడ ఆకును మేయును. తిల్ల జోలికి సాధారణముగ పోవు. మేత ఎక్కువైన చోట తిల్ల నిలిచియుండుట అందువలననే.

పోల్చుకొనుట మరొకందుకును కావలెను. చేపల చెరువులకు, కట్టెలకు మడ పోయిన తావులలో తిరిగి నాటు పని 1990ల చివరనుండి సాగుచున్నది. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీశాఖ, మత్స్యకారుల సంఘములు కలిసి, చెట్లు నరికిన పిమ్మట నేల పళ్లెమువలె క్రుంగి ఉప్పునీరు నిలిచి బిగిసిన చోట్ల చేపముల్లు ఆకారమున కాలువలు త్రవ్వించిరి. ఆటుపోట్ల నీరు వచ్చి పోవుట మొదలైన తరువాత మడమొక్కలు నిలిచినవి. ఇక్కడ విత్తనము తెలియవలెను. ఉప్పుపొన్న మొలక పెద్దది, చేతికి సులువుగ అందునది. బురదలో గుచ్చిన చాలును. అందుచేత ఉత్సాహవంతులు దానినే ఎక్కువగ నాటబోవుదురు. సముద్రపు అలలకు ఎదురుగ నున్న వట్టి బురదనేలలో మడ, కలింగ వంటివి ముందుగ నిలదొక్కుకొనును. ఉప్పుపొన్న అక్కడ బ్రతుకదు. ఫిలిప్పీను దీవులలో ఈ పొరపాటు పెద్దయెత్తున జరిగి, నాటిన మొక్కలలో అధికభాగము చచ్చిపోయినట్లు అక్కడి పరిశీలకులు వ్రాసిరి. కలింగ గింజ చాల చిన్నది. మడిలో నారుపోసి పెంచి నాటవలెను. మడకాయలు వానకాలము చివర రాలినప్పుడు ఏరి, పై పొర ఊడినవెంటనే వాడుకొనవలెను, నిలువచేసిన పనికిరావు.

చూడబోవువారు ఆటువేళ, అనగా నీరు తీసినప్పుడు, పోవుట మంచిది. పోటులో ఊపిరివేళ్లన్నియు మునిగిపోయి చెట్లన్నియు ఒక్కలాగే ఉండును. ఆటు పోటుల వేళలు దినదినము మారుచుండును గనుక పడవవారిని ముందుగ అడిగి బయలుదేరవలెను. చిన్నపిల్లలకు పూర్తిచేతుల చొక్కా తొడుగుట మరువరాదు.